పాలు చాలట్లేదనే ముందు: మొదటి గంట నుంచి ఆరో నెల దాకా తల్లిపాలు పట్టే పద్ధతి

మా పెద్దాడు పుట్టిన రెండో రోజు మధ్యాహ్నం. ఆస్పత్రి గదిలో మంచం చుట్టూ ఆరుగురు నిలబడి నా వంకే చూస్తున్నారు, వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "పాలు పడ్డట్టు లేవమ్మా" అన్నారు అత్తయ్య. "నాకూ మూడో రోజుకి గానీ పడలేదు వదినా" అంది మా అమ్మ. ఇంకొకాయన డబ్బా తేవడానికి అప్పటికే చెప్పులేసుకున్నారు. అంతలో డ్యూటీలో ఉన్న పెద్ద నర్సమ్మ వచ్చి, ఒక స్టీలు చెంచా అడిగి తీసుకుని, రెండు వేళ్లతో నెమ్మదిగా నొక్కింది. చెంచాలో నాలుగైదు బొట్లు పడ్డాయి, కరిగిన నెయ్యిలా పసుప్పచ్చగా, జిగురుగా. "ఇవి పాలు కావా?" అని అందరి మొహాలూ ఓసారి చూసి, ఆ చెంచా వాడి పెదవికి ఆనించింది. వాడు చప్పరించి ఊరుకున్నాడు.

తర్వాత చిన్నది పుట్టింది. మొదటిసారి చేసిన తప్పులు దాని దగ్గర చేయలేదు, కొత్తవి చేశాను. ఇద్దరి దగ్గరా నేర్చుకున్నదీ, డాక్టర్లనీ ఆశా అక్కనీ విసిగించి తెలుసుకున్నదీ వరసగా రాస్తున్నాను. "పాలు చాలట్లేదు" అన్న మాట నిజమయ్యే తల్లులు ఉన్నారు గానీ చాలా తక్కువ. మిగతా అందరికీ పాలు ఉంటాయి, బిడ్డ నోరు సరిగ్గా పట్టకపోవడమో, గడియారం చూసి పాలు పట్టడమో, మధ్యలో డబ్బా దూరడమో జరుగుతుంది.

1. ఎనిమిదో నెలలోనే అడగాల్సినవి

ఊయల, దుప్పట్లు తర్వాత కొనుక్కోవచ్చు. చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్ని మూడు ప్రశ్నలు అడగండి: పుట్టగానే బిడ్డని నా ఛాతీ మీద పెడతారా, సిజేరియన్ అయితే ఎంతసేపట్లో ఇస్తారు, నన్ను అడగకుండా డబ్బాపాలు పడతారా. జవాబులు ఎలా ఉన్నా సరే, మీకు ఈ విషయంలో పట్టింపు ఉందని వాళ్లకి తెలుస్తుంది. పసిపిల్లల డబ్బాపాలకి ప్రకటనలు ఇవ్వడం, తల్లులకి ఉచిత శాంపిళ్లు పంచడం మన దేశంలో 1992 నాటి చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఎవరైనా ఫ్రీ డబ్బా చేతిలో పెడితే మొహమాటపడక్కర్లేదు, తిరిగిచ్చేయండి.

చనుమొనలు లోపలికి ఉన్నాయని భయపడేవాళ్లు ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. చాలామందికి ఇబ్బంది రాదు, బిడ్డ నోట్లోకి వెళ్లాల్సింది చనుమొన ఒక్కటే కాదు కాబట్టి (ఆ సంగతి నాలుగో అడుగులో). తువ్వాలుతో రుద్ది "గట్టిపరచడం" లాంటివి మాత్రం చేయకండి. ఇంకో ముఖ్యమైన పని, ఆస్పత్రిలో మీ దగ్గర ఎవరు ఉంటారో వాళ్లకి ఇదంతా ముందే చెప్పి ఉంచడం. కాన్పు అయ్యాక వాదించే ఓపిక మీకు ఉండదు.

2. మొదటి గంట

బిడ్డని తుడిచి, బట్టలు లేకుండా మీ ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరి మీదా ఒకటే దుప్పటి కప్పాలి. ఆ పసిగుడ్డు తనంతట తనే తల ఎత్తి, వాసన పట్టి, రొమ్ము కోసం వెతుక్కుంటుంది. ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఊపిరి నిలకడ అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ రెండూ గంటలోపు పాలు పట్టమనే చెప్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. దేశంలో 88.6 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయట, గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు మాత్రం 41.8 శాతమే. ఇంత చదువుకున్న మనుషుల మధ్య పుట్టి కూడా ఆ గంట బరువు చూడటం, స్నానం, ఫొటోలు, బంధువుల చేతులు మారడంలో పోతోందన్నమాట.

సిజేరియన్ అయినా నడుముకి మత్తిచ్చి చేస్తే మీరు మెలకువగానే ఉంటారు. లేచి కూర్చోలేరు కాబట్టి పక్కన ఒకరు బిడ్డని పట్టుకుని రొమ్ముకి అడ్డంగా ఆనిస్తే చాలు, కుట్ల మీద బరువు పడదు.

ఈ గంటలోనే ఇంట్లోవాళ్లతో చిన్న యుద్ధం ఉంటుంది. తేనె నాకించాలని ఒకరు, పంచదార నీళ్లు, ఆముదం చుక్క, కస్తూరి మాత్ర, గాడిద పాలు అని ఇంకొకరు. ఏదీ వద్దు. తేనె అయితే ఏడాది నిండే దాకా వద్దు, అందులో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా పసిపిల్లల పేగుల్లో విషం తయారుచేస్తుంది. పెద్దావిడ బాధపడుతుందనుకుంటే "డాక్టరుగారు వద్దన్నారు" అనండి, మన ఇళ్లల్లో ఆ మాటకి ఉన్న విలువ కోడలి మాటకి లేదు.

పాలు తాగుతున్నప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తే కంగారుపడకండి. బిడ్డ చప్పరించగానే ఆక్సిటోసిన్ (పాలని దింపే హార్మోన్) విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది, అందువల్లే కాన్పు తర్వాత రక్తస్రావం తగ్గుతుంది. రెండో కాన్పుకి ఈ నొప్పి ఎక్కువ ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

3. ముర్రుపాలు

ఆవు ఈనితే జున్ను కోసం ఊరంతా గిన్నెలు పట్టుకుని తిరుగుతాం, మన ముర్రుపాలు మాత్రం చిక్కగా ఉన్నాయి, అరగవు అని పిండి పారబోస్తాం! వీటిలో రోగాలతో పోరాడే యాంటీబాడీలు దండిగా ఉంటాయి. పేగుల్లో పేరుకున్న నల్లటి జిగురు మలం బయటికి పోవడానికి కూడా ఇవే సాయం చేస్తాయి.

బొట్లు బొట్లుగా వస్తున్నాయని దిగులొద్దు. మొదటి రోజు బిడ్డ పొట్టలో ఒక విడతకి పట్టేది 5 నుంచి 7 మిల్లీలీటర్లు, అంటే సుమారు ఒక టీచెంచా. నర్సమ్మ చెంచా అడిగింది అందుకే. అసలు పాలు దిగడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, సిజేరియన్‌కి ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఆ లోపు చేయాల్సిందల్లా మళ్లీ మళ్లీ పట్టించడమే.

4. నోరు పట్టించడం

మొత్తం గైడ్‌లో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి.

ముందు మీరు సుఖంగా కూర్చోండి. వీపుకి దిండు, కాళ్ల కింద పీట, ఒళ్లో ఇంకో దిండు. బిడ్డని రొమ్ము ఎత్తుకి తెచ్చుకోవాలి, మనం బిడ్డ మీదికి వంగితే వారంలో నడుం పట్టేస్తుంది. బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒకే గీతలో ఉండాలి. మెడ పక్కకి తిప్పి మీరు ఓ గుక్క మంచినీళ్లు తాగి చూడండి, ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

ఇప్పుడు బిడ్డ ముక్కు చనుమొనకి ఎదురుగా ఉండేట్టు పట్టుకుని, చనుమొనతో పై పెదవిని తాకించండి. ఆగండి. నోరు కొంచెం తెరవగానే తోసేయకూడదు, ఆవులించినంత పెద్దగా తెరిచే దాకా ఆగి, అప్పుడు తలని తొయ్యకుండా భుజాల వెనక చెయ్యేసి దగ్గరికి లాక్కోండి. గడ్డం ముందు తగలాలి. చనుమొనతో పాటు చుట్టూ ఉండే నల్లటి భాగం, ముఖ్యంగా కింది వైపుది, నోట్లోకి పోవాలి.

సరిగ్గా పట్టిందని ఎలా తెలుస్తుందంటే, కింది పెదవి బయటికి మడత పడి ఉంటుంది, గడ్డం రొమ్ముకి అతుక్కుని ఉంటుంది, బుగ్గలు గుంటలు పడకుండా నిండుగా ఉంటాయి. మొదట గబగబా చప్పరించి, పాలు దిగాక నిదానించి, రెండు మూడు చప్పరింపులకి ఒకసారి గుటక వేస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ గుటక వినపడుతుంది కూడా. నాలుక టక్ టక్ మని చప్పుడైతే గాలి పోతోందన్నమాట.

మొదటి కొన్ని క్షణాల తర్వాత కూడా పళ్లు బిగబట్టేంత నొప్పిగా ఉంటే పట్టు తప్పింది. లాగేయకండి, చనుమొన చిట్లుతుంది. శుభ్రమైన చిటికెన వేలు బిడ్డ నోటి మూల నుంచి లోపలికి పెడితే పట్టు వదులుతుంది, మళ్లీ మొదటి నుంచి. మా పెద్దాడికి మొదటి వారం ఒక్కో విడతకి నాలుగైదుసార్లు వదిలించి పట్టించేదాన్ని. ఒక రాత్రి నేనూ వాడితో పాటు ఏడ్చాను. పదో రోజుకి అదంతా కలలా పోయింది.

బిడ్డకి ఊపిరి ఆడదేమోనని రొమ్ముని రెండు వేళ్ల మధ్య కత్తెరలా నొక్కి పట్టుకోమంటారు పెద్దవాళ్లు. ఆ వేళ్లే నల్లటి భాగానికి అడ్డం పడతాయి. బొటనవేలు పైన, మిగతా నాలుగూ కింద, చనుమొనకి దూరంగా ఉంచండి. ముక్కు మూసుకుపోతోంది అనిపిస్తే బిడ్డ పిరుదుల్ని మీ వైపు లాక్కోండి, తల దానంతట అదే కాస్త వెనక్కి వాలుతుంది.

కుట్లు ఉన్నవాళ్లకి బిడ్డని చంకలో సంచి ఇరికించుకున్నట్టు పక్క నుంచి పట్టుకోవడం హాయి, కాళ్లు మీ వీపు వైపు పోతాయి. రాత్రిళ్లు ఇద్దరూ ఎదురెదురుగా పక్కకి తిరిగి పడుకుని ఇవ్వొచ్చు. సోఫాలో మాత్రం నిద్రమత్తులో ఇవ్వకండి, బిడ్డ సందులో ఇరుక్కుని ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది.

5. ఎన్నిసార్లు, ఎంతసేపు

రోజుకి 8 నుంచి 12 సార్లు. మూడు గంటలకోసారి అని గోడ మీద రాసుకోవద్దు. చేతులు నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం ఆకలి గుర్తులు, ఏడుపు అన్నిటికంటే చివరిది. ఏడుస్తున్న బిడ్డకి పట్టించడం కష్టం, ముందు భుజాన వేసుకుని ఊరుకోబెట్టాలి. ఒక వైపు తనంతట తాను వదిలే దాకా తాగనిచ్చి, తేన్పు తెప్పించి, రెండోది చూపించండి. తాగితే తాగుతుంది, లేకపోతే తర్వాతి విడత అటు నుంచి మొదలు. మొదటి రెండు వారాల్లో పగలు మూడు గంటలు దాటి పడుకుంటే అరికాలు నిమిరి, బట్టలు వదులు చేసి లేపండి.

రొమ్ము కుండ కాదు, ఊట బావి. తోడే కొద్దీ ఊరుతుంది, తోడటం మానేస్తే ఊట తగ్గుతుంది. పాలు తయారుచేయమని చెప్పే ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువ ఉంటుంది కాబట్టి, "రాత్రి ఒక్క సీసా పట్టేసి నిద్రపోమ్మా" అన్న ప్రేమ మాట మొదటి వారాల్లో వింటే ఊట దెబ్బతింటుంది. డబ్బాపాలు పడితే బిడ్డ ఎక్కువసేపు పడుకుంటుంది, రొమ్ముకి ఆ విడత కబురు అందదు, పాలు తగ్గుతాయి, "చూశావా చాలట్లేదు" అని ఇంకో సీసా వస్తుంది. నెల తిరిగేసరికి ఆ మాట నిజమైపోతుంది.

సాయంత్రం ఆరు నుంచి పది దాకా కొందరు పిల్లలు రొమ్ము వదలరు. రెండో మూడో వారంలో, ఆరో వారంలో, మూడో నెలలో ఈ గొడవ ఇంకా ఎక్కువ. బిడ్డ పెరుగుదల ఊపందుకుని ఊట పెంచుకుంటోంది, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఆ రెండు రోజులు వంటింటి వైపు వెళ్లకండి.

6. చాలుతున్నాయో లేదో లెక్కపెట్టండి

ఏడుపు లెక్క కాదు. రొమ్ము మెత్తబడటం లెక్క కాదు, ఆరు వారాలకి అందరికీ మెత్తబడుతుంది. పంపుతో పిండితే ఎన్ని వచ్చాయన్నదీ లెక్క కాదు, బిడ్డ లాగినంత బాగా పంపు లాగలేదు.

లెక్కంటే ఉచ్చ. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరిగి ఐదారు రోజులకి ఇరవైనాలుగు గంటల్లో ఆరుసార్లు దాటాలి, రంగు లేత పసుపో నీళ్లలానో ఉండాలి. డైపర్ వేస్తే తెలియదు, అందుకే మొదటి వారం పాత కాటన్ చీర ముక్కలే మేలు. విరేచనం నలుపు నుంచి ఆకుపచ్చకి, నాలుగైదు రోజులకి ఆవపిండి ముద్ద రంగుకి మారాలి. పల్చగా, గింజగింజలుగా రోజుకి ఐదారుసార్లు అయినా అది విరేచనాల జబ్బు కాదు.

తర్వాత బరువు. పుట్టాక మొదటి రోజుల్లో 7 నుంచి 10 శాతం దాకా తగ్గడం మామూలే, 3 కిలోల బిడ్డ 2 కిలోల 750 గ్రాములకి వచ్చిందని ఇంట్లో ఏడుపులు పెట్టక్కర్లేదు. రెండు వారాలకల్లా పుట్టిన బరువు తిరిగి రావాలి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి, రాకపోతే ఫోన్ చేసి పిలవండి.

ఉచ్చ తగ్గినా, పాలు తాగడానికి లేవనంత మగతగా ఉన్నా, ఒళ్లు కాలుతున్నా చల్లబడినా, పచ్చదనం అరచేతులకీ అరికాళ్లకీ పాకినా అదే రోజు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కామెర్లకి ఎండలో పెడితే పోతుందని ఇంట్లో ఆగకండి.

నీళ్లు? అక్కర్లేదు. తల్లిపాలలో సుమారు 88 శాతం నీళ్లే. రోహిణి కార్తె ఎండల్లో కూడా ఆరు నెలల దాకా చుక్క నీళ్లు వద్దు, గ్రైప్ వాటర్ కూడా వద్దు. డాక్టరు రాసిచ్చే విటమిన్ డి చుక్కలు (రోజుకి 400 యూనిట్లు) మాత్రం వేయాలి.

7. నొప్పి, గడ్డ, జ్వరం

చనుమొన చిట్లితే మందు వెతకడానికి ముందు నాలుగో అడుగుకి వెళ్లండి, కారణం అక్కడే ఉంటుంది. తాగాక రెండు చుక్కల పాలు రాసి గాలికి ఆరనివ్వండి.

మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య రొమ్ములు రాయిలా గట్టిపడతాయి, బిడ్డ నోటికి పట్టు దొరకదు. కాసిన్ని పాలు చేత్తో పిండి, నల్లటి భాగం మెత్తబడ్డాక పట్టించండి, తాగాక చల్లటి గుడ్డ వేసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టిన క్యాబేజీ ఆకు కూడా హాయిగానే ఉంటుంది (మా ఆయన పప్పులోకి తెచ్చిన క్యాబేజీ అంతా అలాగే అయిపోయింది). గడ్డ కడితే వేడి కాపడం పెట్టి గట్టిగా రుద్దమనేవాళ్లు. ఇప్పుడు డాక్టర్లు చల్లదనమే మేలనీ, రుద్దితే లోపల వాపు పెరుగుతుందనీ చెప్తున్నారు.

ఒక చోట ఎర్రబడి, చలిజ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పాలు మాత్రం ఆపొద్దు, "జ్వరం పాలు" అని ఏమీ ఉండవు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వేసుకోవచ్చు, డాక్టరు రాసే యాంటీబయాటిక్స్‌లో చాలా వరకు పాలిస్తూ వాడదగ్గవే. బిడ్డకి పాలిస్తున్నానని ప్రతి డాక్టరుకీ చెప్పండి, పళ్ల డాక్టరుతో సహా.

దిష్టి తగిలి పాలు ఆగిపోయాయంటారు కదా. తల్లి బాగా టెన్షన్‌లో ఉంటే ఆక్సిటోసిన్ సరిగ్గా పనిచేయక, ఉన్న పాలు కూడా దిగడం ఆలస్యమవుతుంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పితే మీ మనసు కుదుటపడుతుందంటే తిప్పించుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

8. బాలింత పథ్యం

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. కారప్పొడి అన్నం, వెల్లుల్లి, నీళ్లు కొలిచి అర గ్లాసు! హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకి 600 కేలరీలు, ఆ తర్వాతి ఆరు నెలలు 520 కేలరీలు ఎక్కువ కావాలి. అంటే రోజూ తినేదానికి అదనంగా దాదాపు రెండు చపాతీలు, గిన్నెడు పప్పు, ఒక గుడ్డు, గ్లాసు పాలు. దాహం వేసినంత నీళ్లు తాగండి, పాలిచ్చే చోట చెంబు పెట్టుకోండి. మీరు పెరుగు తింటే బిడ్డకి జలుబు చేస్తుందన్న మాట నిజం కాదు.

తెలగపిండి మునగాకు కూర, మెంతులు, కోస్తా వైపు సొర పుట్టు (సొరచేప కూర), ఇవి తింటే పాలు పడతాయంటారు. బిడ్డ లాగడానికి మించిన మందు లేదు గానీ, వీటిలో మంచి తిండి ఉంది, రుచీ ఉంది, కాబట్టి సంతోషంగా తినండి. అంగన్‌వాడీలో బాలింతలకి ఇచ్చేది తెచ్చుకోండి. కాన్పు తర్వాత ఆరు నెలల దాకా ఐరన్, కాల్షియం మాత్రలు ఆపకూడదు.

ఇంత కష్టం ఎందుకంటే, తల్లిపాలు తాగే పిల్లలకి విరేచనాలు, న్యుమోనియా, చెవి ఇన్ఫెక్షన్లు తక్కువ. తల్లికి రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్, షుగరు వచ్చే అవకాశం తగ్గుతుంది. లాన్సెట్ వైద్య పత్రికలో 2016లో వచ్చిన అంచనా ప్రకారం, ప్రపంచమంతా దాదాపుగా తల్లిపాలు ఇస్తే ఏడాదికి 8,23,000 మంది పిల్లల ప్రాణాలు నిలబడతాయి, 20,000 మంది తల్లులు రొమ్ము క్యాన్సర్‌తో చనిపోకుండా ఉంటారు.

9. నిజంగానే చాలనప్పుడు

థైరాయిడ్ సమస్య, కాన్పులో ఎక్కువ రక్తం పోవడం, గతంలో రొమ్ముకి ఆపరేషన్, ఇలాంటివి ఉంటే పాలు తగ్గొచ్చు. నెలలు నిండని బిడ్డకి లాగే శక్తి ఉండదు, అప్పుడు రెండు మూడు గంటలకోసారి పిండి పట్టాలి. అలాంటి పిల్లల కోసం కొన్ని పెద్దాస్పత్రుల్లో తల్లిపాల బ్యాంకులు ఉన్నాయి, హైదరాబాద్ నీలోఫర్‌లో ఒకటి ఉంది.

డాక్టరు పోతపాలు పట్టమంటే పట్టండి, అందులో తప్పు చేసినట్టు కుమిలిపోవాల్సింది ఏమీ లేదు. ముందు రొమ్ము, తర్వాత పోతపాలు. పొడి కొలత డబ్బా మీద ఉన్నంతే, పొదుపని నీళ్లు ఎక్కువ కలపకూడదు. సీసాకి బదులు ఉగ్గుగిన్నె వాడండి, మరగబెట్టి శుభ్రం చేయడం తేలిక, బిడ్డ రొమ్ము పట్టడం మర్చిపోదు. కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, బిడ్డ నాకే వేగంలోనే వంచాలి.

10. ఆఫీసుకి వెళ్లే రోజు

మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవు ఉంది. తిరిగి చేరాక కూడా బిడ్డకి 15 నెలలు వచ్చే దాకా రోజుకి రెండు విరామాలు పాలివ్వడానికి మీ హక్కు, 50 మందికి తగ్గకుండా పనిచేసే చోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే గది) ఉండాలి. హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసి అడగండి, నోటిమాటకి జవాబు రాదు.

చేరడానికి రెండు వారాల ముందు నుంచే పిండటం అలవాటు చేసుకోండి. చేత్తో అయితే బొటనవేలు, చూపుడువేలు చనుమొనకి రెండు మూడు సెంటీమీటర్ల వెనక పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లనీ దగ్గరికి తేవాలి. చర్మం మీద జార్చకూడదు. మొదట రెండు నిమిషాలు ఏమీ రావు, ఆ తర్వాత ధారలుగా వస్తాయి.

పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్ లోపలి అరలో నాలుగు రోజులు ఉంటాయి. మన ఎండాకాలం గది లెక్కలోకి రాదు, పిండగానే ఫ్రిజ్‌లోకే, ఆఫీసు నుంచి ఐసు సంచిలో. మీగడ పైకి తేలితే విరిగినట్టు కాదు, మెల్లగా తిప్పితే కలుస్తుంది. వేడి నీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చచేయాలి, పొయ్యి మీదా మైక్రోవేవ్‌లోనూ వద్దు. బిడ్డ తాగి వదిలిన పాలు రెండు గంటలు దాటితే పారబోయడమే.

11. ఆరు నెలలు నిండాక

అన్నప్రాశన చేశాక చాలా ఇళ్లలో "ఇంక మానిపించెయ్" అంటారు. ఆరు నెలలకి తల్లిపాలలో ఐరన్ బిడ్డ అవసరానికి చాలదు, అందుకే తిండి మొదలుపెడతాం. పాలు రెండేళ్ల దాకా, ఆ పైన కూడా ఇవ్వొచ్చు. మెత్తగా మెదిపిన పప్పన్నం, నెయ్యి, గుడ్డు పచ్చసొన, ఆకుకూర రసం కాకుండా ఆకుకూరే, రోజుకి రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి. చెంచా నుంచి జారిపోయేంత పల్చగా చేయకండి, కాస్త అంటిపెట్టుకుని ఉండాలి. మా చిన్నది మొదటి వారం పెట్టిందంతా నాలుకతో బయటికి తోసి, నా కొంగు పట్టుకుని పాల కోసం లాగేది. ఇచ్చేదాన్ని, అరగంట ఆగి మళ్లీ చెంచా ఎత్తేదాన్ని.